దారం తాకని దీవి

కిందటి వారం షట్టరు సగం దిగిన చోట ఆగాం.

దించినవాడు ఇసుక కాంట్రాక్టరు. కొన్నాళ్ళుగా ఆ ట్రావెల్స్ ఆఫీసుకు వచ్చిపోతూ, వచ్చినప్పుడల్లా ఒక మిఠాయి పొట్లం బల్ల మీద పెడుతూ, "మా ఆవిడని దీవులన్నీ తిప్పాలండీ అక్కగారూ, జన్మలో మరిచిపోకూడదు, అలాంటి ప్లాను వెయ్యాలి మీరు" అంటూ తేనెలొలికించిన పెద్దమనిషి. ఆఫీసు నడిపేది దీవులక్క. ఏ దీవికి ఏ రేవో, ఆ రేవులో ఎవర్ని నమ్మాలో ఆవిడకు కంఠతా వచ్చు కాబట్టి ఊరు పెట్టిన పేరది. టికెట్లు చూసేది ఆవిడ తమ్ముడు. వందల మందిని పడవెక్కించాడుగానీ తాను మాత్రం ఒక్కసారీ ఎక్కలేదు. ఈత రాదు, నీళ్ళంటే చచ్చేంత భయం. "చెప్పులు కుట్టేవాడికి చెప్పులుండవు, టికెట్లు అమ్మేవాడికి పడవుండదు" అని అక్క రోజూ ఏడిపిస్తూనే ఉంటుంది.

ఆరు నెలల కిందట, విరిగిన చెయ్యీ చిట్లిన పెదవీ వేసుకుని, కట్టుబట్టలతో ఆ మెట్లెక్కిన అమ్మాయి మీకు గుర్తుండే ఉంటుంది. మొగుడెవరో చెప్పలేదు, ఏం చేస్తాడో చెప్పలేదు. "ఆయన" అన్న ఒక్క మాట అనడానికే వణికిపోయింది. దీవులక్క రెండో ప్రశ్న వెయ్యకుండా ఆ పిల్లని నడిమి దీవికి పంపించి, అక్కడ లాడ్జి నడిపే పెద్దమ్మ దగ్గర దాచింది. ఆ "ఆయన" వీడేనని షట్టరు కిర్రుమనేదాకా ఆవిడకు తెలియదు. తెలిసేసరికి పై ప్రాణాలు పైనే పోయాయి.

షట్టరు నేలను తాకింది. భోజనాల వేళ. పక్క షాపులన్నీ మూసే ఉన్నాయి. లోపల ట్యూబులైటూ, గరగరమనే ఫ్యానూ, గోడనిండా పరుచుకున్న దీవుల పటమూ. కాంట్రాక్టరు షట్టరు లాగే ఇనప కొక్కెం కడ్డీని మూల పెట్టకుండా చేతిలోనే ఉంచుకున్నాడు.

"ఏంటండీ ఇది?" అంటూ తమ్ముడు లేచాడు.

"కూర్చో బామ్మర్దీ. అక్కగారితో చిన్న పనుంది."

పటం దగ్గరికి నడిచాడు. దీవులక్క పని తీరే వేరు. రంగు కాగితాల్లో హోటళ్ళ బొమ్మలు చూసి ప్లానులు వేసే బాపతు కాదు. పెద్ద దీవిలో టాక్సీ ఆయన, తాబేళ్ళ దీవిలో గుడ్ల కాపలా ఆవిడ, నడిమి దీవిలో పడవ నడిపే ముసలి సరంగు, ఇలా ప్రతి దీవిలోనూ ఆవిడకో సొంత మనిషి ఉన్నాడు. పొద్దున్నే వాళ్ళందరికీ ఫోన్ చేస్తుంది. ముందు గాలి సంగతి, ఆ తర్వాతే మనుషుల సంగతి. అది వాళ్ళ మధ్య ఎన్నేళ్ళుగానో ఉన్న అలవాటు. వాళ్ళు సరేనంటేనే యాత్రికుడి పేరున ఒక రంగు దారం తీసి, పటం మీద గుండుసూది నుంచి గుండుసూదికి కడుతుంది. వాళ్ళు వద్దంటే ఎంత గొప్పవాడు అడిగినా కట్టదు. "అక్కడున్నవాళ్ళ మాటే మాట" అని బల్ల పైన బోర్డు కూడా రాయించింది.

"ఈ ఎర్రది నాదే కదా?" అన్నాడు కాంట్రాక్టరు.

"మీదే."

"పచ్చది?"

"టీచర్లది."

"నీలం, పసుపు... ఎన్ని దారాలో! పెద్ద దీవి, తాబేళ్ళ దీవి, అక్కణ్ణించి ఒక్క గెంతు గెంతి దీపస్తంభం దీవి. అందరూ గెంతడమే." కొక్కెం కొసని తెచ్చి నడిమి దీవి సూది మీద ఆనించాడు. "దీన్ని మాత్రం ఒక్క దారమూ ముట్టుకోలేదే? రేవులో టికెట్ గుమాస్తా కూడా అదే అన్నాడు. 'ఒకప్పుడు ఆ అక్కగారి మనుషులు నడిమి దీవిలో దిగకుండా కదిలేవాళ్ళు కాదండీ, ఈ ఆరు నెలల్నించీ ఒక్కరంటే ఒక్కరు దిగట్లేదు' అని. ఆరు నెలలు! సరిగ్గా మా ఆవిడ ఇల్లు వదిలినప్పట్నించీ. చిత్రంగా లేదూ?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నాడని సామెత. ఇక్కడ దొంగా అని ఎవరూ అనలేదు కూడా. ఆ పిల్లని ఏ యాత్రికుడూ చూడకూడదు, ఏ ఫొటోలోనూ పడకూడదు అన్న జాగ్రత్తతో దీవులక్క ఆ దీవినే ప్లానుల్లోంచి తీసేసింది. అతి జాగ్రత్త. ఆరు నెలలుగా వచ్చేపోయే జనమందరి ముందూ, గోడ మీద, రంగురంగుల దారాలతో భుజాలు తడుముకుంటూనే ఉంది. తన తెలివికి తనకే అసహ్యం పుట్టింది.

"అక్కడ నీళ్ళు చెడిపోయాయి. లాడ్జి మూసేశారు," అంది.

"ఎవరు చెప్పారు?"

"అక్కడివాళ్ళే."

అతను బోర్డు వైపు చూసి నవ్వాడు. "అయితే వాళ్ళ నోటే విందాం. ఫోన్ చెయ్యండి. నేను కూడా వినేట్టు స్పీకరు పెట్టండి."

తమ్ముడు షట్టరు వైపు ఒక్క దూకు దూకాడు. కొక్కెం కడ్డీ గాలిలో ఈలవేసి మోకాలి వెనక తగిలింది. కుప్పకూలాడు. లేవబోతుంటే రెండో దెబ్బ పక్కటెముకల మీద పడింది. ఎముక చిట్లిన చప్పుడు ఫ్యాను గరగరలోనూ స్పష్టంగా వినబడింది. కాంట్రాక్టరు మొహంలో కోపం లేదు, ఆవేశం లేదు. బస్తాలు దులిపే మనిషిలా కొడుతున్నాడు.

దీవులక్క బల్ల మీది గాజు పేపర్‌వెయిట్ తీసి బలంకొద్దీ విసిరింది. కనుబొమ్మ మీద తగిలి రక్తం చిమ్మింది. అతను వేలితో తుడుచుకుని ఆ వేలినే ఒకసారి చూసుకున్నాడు.

"మా ఆవిడా మొదట్లో ఇలాగే విసిరేది," అన్నాడు. "మానిపించాను."

దగ్గరికొచ్చి చెయ్యి తిరగేసి ఒక్కటి కొట్టాడు. దీవులక్క కుర్చీతో సహా వెళ్ళి గోడకు గుద్దుకుంది. నోట్లో ఉప్పగా తగిలింది. నాలుక మీదికి ఏదో గట్టిగా రాలింది. ఉమ్మితే పన్ను. నలభై ఐదేళ్ళు వచ్చాయి ఆవిడకి, చిన్నప్పుడు తండ్రి కూడా చెయ్యెత్తలేదు. నొప్పికంటే ముందు ఒళ్ళు మండిపోయింది. దారాలు కత్తిరించే కత్తెర చేతికి అందింది. అతను వంగి జుట్టు పట్టుకుని లాగేదాకా ఆగి, తొడలో కసుక్కున దించింది.

గావుకేక పెట్టాడు. ఆ కేక వినగానే, దాచడమెందుకు, ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. కానీ వాడు జుట్టు వదల్లేదు. కత్తెర పీకి అవతల పారేసి, ఆవిడ తలని బల్ల అంచుకేసి రెండుసార్లు మోదాడు. మూడోసారి మోదబోయి ఆగాడు.

"నువ్వు చస్తే ఫోనెవరు చేస్తారు?" మర్యాద అంతా అయిపోయింది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. "నీ ఒంటి మీద కాదే నీ ప్రాణముండేది. నాకు తెలుసు."

నేల మీద పడున్న తమ్ముణ్ణి చొక్కా పట్టుకుని ఈడ్చుకుంటూ ఇనప బీరువా దగ్గరికి తీసుకెళ్ళాడు. కింది సొరుగు లాగి, తమ్ముడి కుడిచేతి వేళ్ళు అంచు మీద పెట్టి, బూటు కాలు సొరుగు మీద ఉంచాడు.

"ఎక్కడుందే అది?"

"చెప్పకక్కా!" తమ్ముడు అరిచాడు. "నువ్వు చెప్పావంటే నా మీద ఒట్టే!"

బూటు సొరుగుని తన్నింది.

ఆ చప్పుడు రాయడం నాకూ ఇష్టం లేదు. తమ్ముడి గొంతులోంచి వచ్చింది అరుపు కూడా కాదు, ఊపిరి లోపలికి పోతూ చేసిన మోత. సొరుగు తెరుచుకునేసరికి రెండు వేళ్ళు వెనక్కి తిరిగి ఉన్నాయి, గోళ్ళ దగ్గర్నించి రక్తం బొటబొటా కారుతోంది.

"ఇంకా మూడున్నాయి. రెండో చెయ్యి అసలు మొదలే పెట్టలేదు."

"ఆపరా!" దీవులక్క గొంతు చీలిపోయింది. "ఆపు... చేస్తాను."

"అక్కా..." తమ్ముడు ఏడుస్తున్నాడు.

"నువ్వు నోర్ముయ్!" అంది వాణ్ణి. చిన్నప్పుడు గోడ దూకి మోకాలు చీల్చుకొచ్చినప్పుడూ ఇలాగే కసిరింది.

ఫోన్ దగ్గరికి పాకుతూనే ఆలోచించింది. లాడ్జి పెద్దమ్మ గట్టి మనిషి. గాలి సంగతి అడక్కుండా ఎకాఎకీ మనుషుల సంగతి అడిగితే చాలు, ఏదో కొంప మునిగిందని పట్టేస్తుంది. ఆ అమ్మాయా, ఎప్పుడో వెళ్ళిపోయిందే అని టక్కున చెప్పేస్తుంది. ఆ ఒక్క ఆశతో నెంబరు నొక్కింది. స్పీకర్లో రింగు మోగుతోంది. కాంట్రాక్టరు తొడ మీద గాయాన్ని చేత్తో అదిమిపట్టుకుని చెవి రిక్కించాడు.

"హలో, పెద్దమ్మా, అందరూ బావున్నారా?" అంది దీవులక్క.

"పెద్దమ్మ రేవుకెళ్ళిందక్కా," అంది అవతలి గొంతు. "నేనే."

దేవుడు కూడా ఒక్కోసారి దుర్మార్గుల పక్షానే ఉంటాడు. పెద్దమ్మకి రేవులో పని ఆ పూటే పడాలా?

కాంట్రాక్టరు మొహం మెల్లగా విచ్చుకుంది. ఫోన్ ముందుకు వంగాడు. "ఏమే. బతికే ఉన్నావన్నమాట."

అటు ఎక్కడో కోడి కూత, గిన్నెల చప్పుడు. ఫోన్ పెట్టేస్తుందని దీవులక్క అనుకుంది. పెట్టెయ్, పెట్టేసి పారిపో తల్లీ అని లోలోపల మొక్కుకుంది. కాంట్రాక్టరుకీ అదే అనుమానం వచ్చినట్టుంది. తమ్ముడి నలిగిన వేళ్ళని పట్టుకుని ఒక్క మెలి తిప్పాడు. ఆ కేక సముద్రం దాటి వెళ్ళింది.

"విన్నావా? వీడు నీ కోసం ఏడుస్తున్నాడు. నువ్వు పెట్టేస్తే వీడి మెడ విరుస్తా. తర్వాత ఈవిడ. ఆ తర్వాత ఎలాగూ అక్కడికొస్తా, దారి తెలిసిపోయిందిగా."

"ఏవండీ," అంది ఆ అమ్మాయి.

మెత్తగా, వంగిపోయిన గొంతుతో. ఆరు నెలల కిందట ఈ బల్ల ముందు వణికిన గొంతే అది.

"వాళ్ళని వదిలెయ్యండి. నాదే తప్పు. వచ్చి నన్ను తీసుకెళ్ళండి. నాక్కూడా ఇక్కడ మొహం మొత్తిపోయింది."

"అలా రా దారికి."

"కానీ పొద్దున వచ్చే పెద్ద పడవలో మాత్రం రాకండి. రేవంతా వీళ్ళ మనుషులే, పెద్దమ్మ కేకేసిందంటే ఊరు ఊరంతా చుట్టుముడుతుంది. నన్ను కదలనివ్వరు." ఆగింది. "తాబేళ్ళ దీవిలో మోటారు పడవ అద్దెకిస్తారు. మీకు నడపడం వచ్చుగా. పొద్దు వాలాక బయల్దేరి పడమటి పాయలోంచి వచ్చెయ్యండి. దగ్గర దారి. పాయ చివర ఇసుక మేట ఉంది, అక్కడ నేనొక్కదాన్నే దీపం పట్టుకుని నిలబడతా. ఎవరూ చూడరు."



పొద్దున్నే సరంగు ఫోన్లో అరిచిన మాట ఇంకా చెవిలోనే ఉంది. "ఈ నాలుగు రోజులూ పడమటి పాయ మాటెత్తకు తల్లీ! పొద్దు వాలిందంటే ఆటు నీళ్ళు బయటికి లాగుతాయి, గాలేమో లోపలికి తోస్తుంది. రెంటి మధ్యా పడవనేది నిలబడదు." ఆయనకా మాట ఊరికే రాలేదు. ఆ పాయలోనే ఆయన కొడుకు పోయాడు. పడవ ముక్కలు దొరికాయి, కొడుకు దొరకలేదు. ఆ అమ్మాయి ఉంటున్న లాడ్జి సరంగు ఇంటి పక్కనే. ఆ దీవిలో పాలుతాగే పిల్లలకి కూడా ఆ పాయ సంగతి తెలుసు.

"ఈపూట గాలే లేదక్కా," అంది ఆ అమ్మాయి, ఈసారి దీవులక్కతో. "పాయంతా అద్దంలా ఉంది. రేపూ ఇలాగే ఉంటుందని సరంగు తాత చెప్పాడు."

ముందు గాలి సంగతి. అలవాటు నేర్చుకుంది పిల్ల. ఆ మెత్తటి గొంతు వణకడం లేదు. వణుకుతున్నట్టు నటిస్తోంది.

కాంట్రాక్టరు పటం వైపు తిరిగాడు. పటంలో చూస్తే పడమటి పాయ బెత్తెడు దారి. నీలంగా, నున్నగా ఉంటుంది. ఆ పాయ సంగతి దీవులక్క పటం మీద ఎప్పుడూ రాయలేదు, బుర్రలోనే పెట్టుకుంది. అతను వేలితో ఆ బెత్తెడూ కొలిచాడు. వరదనదిలో ఇసుక పడవలు నడిపిన మనిషి. ఆ గర్వం మొహంలో కనబడుతూనే ఉంది.

అయినా పాము పామే. ఫోన్ మీద చెయ్యి కప్పి దీవులక్క జుట్టు పట్టి మొహం పైకెత్తాడు.

"దాన్ని నేను నమ్మను. నిన్ను నమ్ముతా. ఇన్నేళ్ళలో ఒక్కణ్ణి కూడా తప్పుదారి పంపలేదంటగా నువ్వు, ఊరంతా అదే పాట. చెప్పు. ఆ దారి మంచిదేనా?"

నిజమే. ఆవిడ కట్టిన దారం పట్టుకుని వెళ్ళినవాళ్ళలో తిరిగిరాని మనిషి లేడు. తుఫాను హెచ్చరికంటే పెళ్ళివారి ప్రయాణం కూడా ఆపించి తిట్లు తింది. ఆ నిజాయితీయే ఆవిడ అన్నం, ఆవిడ పరువు. ఒక మనిషిని చావుదారిలో పెట్టడానికి నోరు రాదేమో అనిపించింది. సొరుగు కింద రక్తపు మడుగు వైపు చూసింది. తమ్ముడి వేళ్ళు చూసింది. నోరు వచ్చింది.

"అక్కడున్నవాళ్ళ మాటే మాట," అంది.

కాంట్రాక్టరు ఆవిడ కళ్ళలోకి చాలాసేపు చూశాడు. తర్వాత జుట్టు వదిలి ఫోన్లోకి, "రేపు. దీపం మర్చిపోకు," అని పెట్టేశాడు. పటం మీది ఎర్రదారం తాబేళ్ళ దీవి దగ్గర పట్టుకుని తెంపాడు. తెగిన కొస తెచ్చి దీవులక్క చేతిలో పెట్టాడు.

"ప్లాను మార్చండక్కగారూ." మర్యాద తిరిగొచ్చింది. "పాయలోంచి నడిమి దీవికి. సీట్లు రెండు. ఒకటి నాది, ఇంకోటి మా బామ్మర్దిది. వీడు నాతోనే ఉంటాడు, పాయ దాటేదాకా నా పక్కనే కూర్చుంటాడు. దారి అంత మంచిదైతే మీకు భయమెందుకు?"

వద్దు, ఆ దారిలో చావుంది అని ఒక్క మాట అంటే తమ్ముడు పడవెక్కడు. ఇక్కడే, ఇప్పుడే, బీరువా దగ్గరే చస్తాడు. రేపు పొద్దున పెద్ద పడవలో ఈ కాంట్రాక్టరు ఆ పిల్ల దగ్గర దిగుతాడు. అనకపోతే ఈత రాని తమ్ముణ్ణి తన చేత్తో ఆ నీళ్ళలోకి తోసినట్టే. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

బీరువాకి ఆనుకుని కూర్చున్న తమ్ముడు తలెత్తాడు. వాడికీ పడమటి పాయ సంగతి తెలుసు. రోజూ టికెట్లు రాసేది వాడే మరి. పొద్దున్న సరంగు అరుస్తున్నప్పుడు పక్కనే టీ తాగుతున్నాడు. నలిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, మొహమంతా కన్నీళ్ళతోనే, అక్కని చూసి చిన్నగా నవ్వాడు.

"కట్టక్కా," అన్నాడు. "పడవెక్కని వెధవా అని రోజూ వెక్కిరిస్తావుగా. రేపు ఎక్కుతా. దారం కట్టు."

"భలే బామ్మర్దివిరా!" అని కాంట్రాక్టరు పగలబడి నవ్వాడు.

దీవులక్క పటం వైపు తిరిగింది. దారం నెత్తురుతో తడిసి వేళ్ళకి అంటుకుంటోంది. ఆరు నెలల తర్వాత మొదటిసారి నడిమి దీవి సూది చుట్టూ ఒక దారం ఒక్క చుట్టు తిరిగింది. ముడి ఇంకా పడలేదు.